సైకిల్ ట్యూబు మోకాలు

మా మామకు మోకాలు పడిపోయిన ఏడాది మా ఇంట్లో అందరూ ఇంజనీర్లయ్యారు.

హైదరాబాదు ధూల్‌పేటలో మా అత్తవారిది వినాయకులను చేసే కొట్టం. డెబ్బైల నాటి మాట. ప్లాస్టరు బొమ్మలు అప్పటికింకా మా గల్లీకి రాలేదు. గడ్డి, మట్టి, సుతిలి తాడు, వెదురు, ఇవే మా సరుకు. చుట్టుపక్కల ఇళ్ళలో హిందీ మాట్లాడేవారు, మా ఇంట్లో తెలుగు. కొట్టంలోకి వచ్చాక మాత్రం మట్టి తడిగా ఉందా, బిగిసిందా అన్నదొక్కటే అందరి మాట.

ఆ ఎండాకాలం మామకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఎడమ కాలిలోని బలాన్ని వెంట తీసుకుపోయింది. కాలు నిటారుగా పెట్టి నిలబడితే బాగానే నిలబడేవాడు. మోకాలు ఒక్కరవ్వ వంగిందంటే చాలు, నీళ్ళెక్కువైన మట్టి ముద్దలా అక్కడే కూలబడేవాడు. ఆసుపత్రిలో ఇనుప పట్టీలు ఇచ్చారు. అవి మోకాలిని అసలు వంగనివ్వవు. నడవడానికి మంచివే, కానీ మామకు కావలసింది నడక కాదు. ఒక పూట వాటిని కట్టుకుని, ఒకే రెక్క ఉన్న తలుపులాగా కొట్టమంతా తిరిగి, సాయంత్రానికి విప్పి మేకుకు తగిలించాడు. మరునాడు అత్త వాటికి ఉల్లిగడ్డల సంచీ వేలాడదీసింది.

మామకు కావలసింది కూర్చోవడం, లేవడం. అది ఎందుకో చెప్పాలి.

కార్వాన్ వ్యాపారులకు ప్రతి ఏడూ పెద్ద వినాయకుణ్ణి మామే చేసేవాడు. ఒళ్ళంతా కింది నుంచి పనివాళ్ళు కట్టుకుంటూ వస్తారు. ముఖం మాత్రం మామ చెయ్యి. ఆ ముఖం కింద చేసి పైన అతికించేది కాదు. వెదుళ్ళు కట్టి, అడ్డంగా పలక వేసి, దాని మీద నిలబడి, ముఖాన్ని దాని చోటనే చేయాలి. తొండం మొదలు, పెదవి అంచు చేసేటప్పుడు పలక మీద గొంతుక్కూర్చోవాలి. కళ్ళు చేసేటప్పుడు నిలబడాలి. మళ్ళీ పెదవికి కూర్చోవాలి, మళ్ళీ కంటికి లేవాలి. రెండు చేతులకూ మట్టి ఉంటుంది కాబట్టి దేన్నీ పట్టుకుని లేవడానికి లేదు. ఒక రోజు పనిలో ఎన్నిసార్లు అలా కూర్చుని లేచేవాడో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అప్పటిదాకా మోకాలు ఉన్నట్టే ఎవరికీ గుర్తు లేదు.

కింద చేసి పైన పెడితే ఏమవుతుంది అంటారా? నేను కాపురానికి రాకముందు ఒకసారి తొందరలో అలాగే చేశారట. తీసుకుపోయి మండపంలో కూర్చోబెట్టాక చూస్తే ఆ దేవుడు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తున్నాడు. జనం ఎటు నిలబడి దండం పెట్టినా ఆయన చూపు స్తంభం మీదే. చివరికి ఆ స్తంభానికి ఎవరో బొట్టు పెట్టారు. మామ ఆ సంగతి ఎవరు ఎత్తినా అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

అప్పటి నుంచి ఆయనకొక పద్ధతి ఏర్పడింది. ముఖం చేసే రోజు ఒక మనిషి కింద నిలబడాలి, భక్తులు నిలబడే చోట. మామ కనురెప్ప మీద మట్టి ఒత్తుతూ, తీస్తూ, నిన్ను చూస్తున్నాడా అని అడుగుతాడు. చూస్తున్నాడు అనేదాకా వదలడు. నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడు నుంచి ఆ నిలబడే మనిషిని నేనే. అత్తకు ఆ పని ఇవ్వలేదు. ఆమెను దేవుడు చూడకముందే ఆమె దేవుణ్ణి చూసి వంకలు చెప్తుందని మామ భయం.

ఆ ఏడు కార్వాన్ వినాయకుడు ఒళ్ళంతా తయారై, ముఖం లేకుండా కొట్టంలో కూర్చున్నాడు. ముఖం ఉండవలసిన చోట గడ్డి మీద గోనె సంచీ కప్పి ఉంది. చవితి దగ్గరికొస్తోంది. వ్యాపారుల పెద్దమనిషి వచ్చి, మామ కాలు చూసి, గోనె సంచీ చూసి, ముఖం వరకు ఇంకొక కొట్టం వాళ్ళను పిలిపిద్దామా అని మెల్లగా అన్నాడు. మామ మర్యాదగానే చాయ్ తాగించి పంపాడు. ఆయన గడప దాటాక మాతో ఒకే మాట అన్నాడు.

"ముఖం నేనే జేస్త. నా చెయ్యి బాగనే ఉన్నది. మోకాలుకు ఏం జేస్తరో మీరు జేస్కోండ్రి."

ఆ మాటతో మోకాలు ఇంటి పనుల్లో చేరిపోయింది.

మొదట మా ఆయన పూనుకున్నాడు. ఆయన గవర్నమెంటు వర్క్‌షాపులో ఫిట్టరు. మోటారు పెడితే జరగని పని లోకంలో లేదని ఆయన నమ్మకం. మా పెళ్ళయిన కొత్తలో రోలుకు కూడా మోటారు పెట్టబోతే అత్త రోకలి పట్టుకుని అడ్డం నిలబడింది. ఇప్పుడు పాత సామాన్ల బజారుకు వెళ్ళి లారీ అద్దాలు తుడిచే మోటారు ఒకటి తెచ్చాడు. చిన్నదే గానీ మొండిది, చేత్తో ఆపితే ఆగదు. దానికి కరెంటు కావాలి కాబట్టి లారీ బ్యాటరీ కూడా తెచ్చాడు. ఆ బ్యాటరీని ఇద్దరు మనుషులు దింపారు.

వెదురు దబ్బలతో మామ కాలికి చట్రం కట్టి, మోకాలి పక్కన మోటారు బిగించాడు. దాని నుంచి రెండు వైర్లు బ్యాటరీకి. బ్యాటరీ మామ మోయలేడు. కాబట్టి దాన్ని తలగుడ్డలో కట్టి మా ఆయనే భుజానికి తగిలించుకున్నాడు. ముందు మామ, వెనక వైర్లు, ఆ వెనక మా ఆయన. పెళ్ళికూతురి కొంగు పట్టుకుని నడిచే మరదలిలాగా తండ్రి వెనకే నడిచాడు.

మీట నొక్కగానే మోకాలు లేచింది. మేమంతా చప్పట్లు కొట్టాం. లేచిన మోకాలు వంగింది. మళ్ళీ లేచింది. అద్దం తుడవడం తప్ప ఆ మోటారుకు ఇంకొక పని రాదు. మామ నిలబడాలనుకుంటే అది వంచుతుంది, కూర్చోవాలనుకుంటే చాపుతుంది. గల్లీ చివరి హోటల్లో బెంచీ మీద కూర్చుని చాయ్ చేతికి తీసుకున్నాడు. కాలు మాత్రం తన పని ఆపలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని మెల్లగా, క్రమం తప్పకుండా తన్నుతూ ఉంది. ఆయన మొదట జరిగాడు, తర్వాత బెంచీ మార్చాడు, చివరికి చాయ్ వదిలేసి వెళ్ళిపోయాడు. మా ఆయన వెనక నుంచి వైరు పీకేలోపల ఇంకొకాయన వచ్చి అదే చోట కూర్చున్నాడు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, హోటలుకు పోయి ఇంటికి వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. కాలు పని చేసినా చేయకపోయినా అది తింటూనే ఉంటుందట. బ్యాటరీని చార్జింగు దుకాణంలో ఇస్తే మరునాడు సాయంత్రం గానీ రాదు. చాయ్ తాగినంతసేపు కాలు, ఆ తర్వాత రెండు పూటలు చార్జింగు. ఎవరైనా మామ కోసం వస్తే మేము అలవాటుగా చెప్పేవాళ్ళం, ఆయన ఇంట్లోనే ఉన్నాడు, కాలు మాత్రం దుకాణానికి పోయింది, రేపు పొద్దు గూకేసరికి వస్తుంది అని. విన్నవాళ్ళు కూడా అలవాటు పడ్డారు. సరే, కాలు వచ్చినాక వస్తాం అనేవాళ్ళు.

పలక మీదికి ఆ బ్యాటరీని ఎక్కించే సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్యాటరీలోని ఆసిడ్ కారి మా ఆయన చొక్కా వెనక భాగమంతా జల్లెడ అయ్యాక, ఆ బ్యాటరీని మర్యాదగా వర్క్‌షాపు వైపు పంపించేశాడు.

అప్పుడు వచ్చాడు సైకిల్ భాయ్. మా గల్లీ మలుపులో ఆయన సైకిల్ దుకాణం. పంక్చర్లు వేస్తాడు, రిక్షాలు బాగు చేస్తాడు. మామకు చిన్నప్పటి దోస్తు. హోటల్లో తన్నులు తిన్న రెండో మనిషి కూడా ఆయనే. ఆయన మామ ముందు గొంతుక్కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, లేచి, తన మోకాలిని తానే కొత్తగా చూసుకున్నాడు.

"ఉస్తాద్, మోటర్ నిలబడ్డా తింటది, పండుకున్నా తింటది. రబ్బర్ ఏం తినదు. నువ్వు కూసునేటప్పుడు నీ బరువంతా ఏడికి పోతున్నది? బేకార్ పోతున్నది. దాన్ని రబ్బర్ల దాసిపెడుదాం. లేసేటప్పుడు వాపస్ తీస్కో."

తొడకు ఒక తోలు పట్టీ, పిక్కకు ఒక తోలు పట్టీ, మధ్యలో మోకాలి చిప్ప మీదుగా సైకిల్ ట్యూబు ముక్కలు. కూర్చుంటే ట్యూబు సాగుతుంది, లేస్తే లాగుతుంది. పక్కన వెదురు చట్రానికి ఒక కీలు. అంతే. వైరు లేదు, బ్యాటరీ లేదు, వెనక కొడుకు లేడు. ఈ ఇంట్లో తీసుకున్నది తిరిగి ఇచ్చే వస్తువు ఇదొక్కటే అవుతుందని అత్త అన్నది. ఆమె ఎవరిని అన్నదో ఎవరూ అడగలేదు.

కొలత తీసుకోవడానికి భాయ్ టేపు తీశాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఊరందరి దేవుళ్ళ కొలతలు ఇచ్చేవాడికి తన కొలత తనకు తెలియదా అని ఆయన బాధ. బొగ్గు తీసుకుని, కొట్టం గోడ మీద తన బొమ్మను తానే నిలువెత్తున గీశాడు. వేసిన గీత తుడవకుండా, మా గల్లీ అంతా వచ్చి చూసేంత బాగా గీశాడు. పడిపోయిన కాలు మీద గుర్తు పెట్టాడు. అత్త చూసి, పొట్ట ఏడికి పోయిందని అడిగింది. నిజానికి పోయింది పొట్టే కాదు. జ్వరం తర్వాతి మామ ఆ గోడ మీద ఎక్కడా లేడు. తొడలు, పిక్కలు, భుజాలు, అన్నీ తాలీంలో కసరత్తు చేసే పహిల్వానువి.

ఆ బొమ్మను చూసి భాయ్ పట్టీలు కత్తిరించాడు, కీలు చేశాడు, ఆ తొడలకు ఎంత బరువుంటుందో అంచనా కట్టి ట్యూబులు వేశాడు. తయారు చేసి తెచ్చి మామ కాలికి పెడితే పట్టలేదు. కీలు బయటి వైపు రావాలి, లోపలికి వచ్చింది. తిప్పి పెడితే తోలు తిరగబడింది. అటు ఇటు చూశాం. భాయ్ ఇంకొక కాలికి పెట్టి చూశాడు. చేతి తొడుగులా కూర్చుంది. కుడి కాలికి. బాగున్న కాలికి.

సంగతి ఏమిటంటే మా కొట్టంలో బొమ్మ ఎప్పుడూ మా ఎదురుగా ఉంటుంది. దానికి ఎటు కుడి, ఎటు ఎడమ అన్నది మాకు పట్టదు. మా ఎడమ చేతి వైపు ఉన్నది ఎడమ, అంతే. మామ నలభై ఏళ్ళుగా అలాగే గీశాడు, తనను కూడా అలాగే గీసుకున్నాడు. గోడ మీది మామ మమ్మల్ని చూస్తున్నాడు, ఆయన ఎడమ కాలి గుర్తు మా ఎడమ చేతి వైపు ఉంది. కొట్టంలో ఉన్న మా అందరికీ అది సరిగ్గానే కనబడింది. భాయ్ కొట్టం మనిషి కాదు. ఎదురుగా నిలబడిన మనిషికి ఏది ఏ కాలో అందరిలాగే చూశాడు.

తప్పు ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది. మామ ఒప్పుకోలేదు. గోడ దగ్గరికి పోయి, బొమ్మను పైకి కిందికి చూసి, వచ్చి తన కాళ్ళను చూసుకుని, బొమ్మ తప్పు లేదన్నాడు.

"అంటే కాలు తప్పా?" అని అత్త అడిగింది.

"దానికే పెట్టుండ్రి," అన్నాడు మామ. "మంచి కాలుకు సాయం దొరికితే చెడ్డ కాలు పని గూడ అదే చేస్తది."

బాగున్న కాలికి రబ్బరు కట్టాం. మామ గొంతుక్కూర్చుని లేవబోయాడు. మంచి కాలికి దాని బలం దానికుంది, పైన పహిల్వాను రబ్బరు. అది ఆయన్ను లేపలేదు, ఎగరేసింది. చెడ్డ కాలు ఆ ఎగురుడులో భాగం తీసుకోలేదు. దాంతో మామ నిలబడిన చోటనే గిర్రున తిరిగాడు. ఆపుకుందామని అడుగు వేస్తే ఆ అడుగు ఆయన అనుకున్నదానికంటే పైకి లేచి, ఆరబెట్టిన ఎలుకను తన్నింది. వినాయకుడి ముందు పెట్టే పెద్ద ఎలుక. అది గాలిలో మా తలల మీదుగా పోయి మట్టి నానబెట్టిన గుంటలో పడి, చూస్తుండగానే మళ్ళీ మట్టి అయిపోయింది. మా ఆయన పరుగెత్తి తండ్రి నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఇంకొక చుట్టు తిరిగారు.

భాయ్ పట్టీ విప్పుతూ, ఫికర్ చెయ్యకు ఉస్తాద్, ఇదే సామాను అద్దంలో చూసి మళ్ళీ చేస్తానన్నాడు. నిజంగానే దుకాణంలో గోడకున్న అద్దం తెచ్చి, బొమ్మకు ఎదురుగా పెట్టి, అద్దంలోకి చూస్తూ పట్టీలు కోశాడు. టేపు మాత్రం ఈసారి తియ్యనే లేదు. దోస్తును రెండుసార్లు అవమానం చేయకూడదని ఆయన మర్యాద.

ఈసారి ఎడమ కాలికి సరిపోయింది. మామ గొంతుక్కూర్చున్నాడు, ట్యూబులు సాగాయి. లేస్తాననుకున్నాడు, లేచాడు. చేతులు ఎక్కడా ఆనించలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ ఆ పట్టీలను విప్పించుకుని, పీట మీద పెట్టుకుని, రంగులు కలపడం మొదలుపెట్టాడు. రంగు వేయని వస్తువును ఆయన చెయ్యి గడప దాటనివ్వదు. తోలుకు గులాబీ రంగు, వెదురుకు బంగారు పూత, మోకాలి చిప్ప దగ్గర తామర పువ్వు.

దాన్ని కట్టుకుని హోటలుకు పోతే వాడకట్టు ముసలమ్మలు ఆగిపోయి ఆ కాలికి మొక్కారు. మామ వద్దంటూనే ఉన్నాడు. అటు నుంచి వచ్చేసరికి మోకాలి మీద కుంకుమ, ట్యూబుల మధ్య బంతిపూలు, చేతిలో సగం కొబ్బరికాయ. అత్త ఆ పూలు తీసి పారేస్తూ, ఈ కాలు ముప్పై ఏండ్ల సంది నేను పిసుకుతున్న, నాకెవ్వరు కొబ్బరికాయ ఇయ్యలేదు అన్నది.

ఇక పలక ఎక్కవచ్చునని అందరం అనుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు తెలిసింది.

మామ పీట మీద కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద కలిపేసరికి పళ్ళెం ఆయనకు కొంచెం కిందికి పోయింది. మూడో ముద్దకు చెయ్యి చాచాల్సి వచ్చింది. పళ్ళెం కిందికి పోవడం లేదు, మామ పైకి వస్తున్నాడు. ఎవరూ లేపకుండా, చప్పుడు లేకుండా, పొంగే పాలలాగా లేచాడు. ఒళ్ళు బిగబట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. మాట్లాడుతూ మరిచిపోగానే మళ్ళీ లేచాడు. పప్పు వేస్తున్న నేను గరిటె ఎత్తిపట్టుకుని ఆయనతో పాటు లేచాను.

రబ్బరు గోడ మీది పహిల్వాను బరువుకు వేసింది. ఇక్కడున్నది జ్వరం తిన్న మనిషి. భాయ్‌ను పిలిస్తే ఒక ట్యూబు తీసి చూశాడు. తీస్తే మోకాలు కూలిపోతోంది, వేస్తే మనిషి తేలిపోతున్నాడు. మధ్యలో ఇంకొక ట్యూబు ఏ సైకిలుకూ రాదన్నాడు. ఆయన లెక్కలో తప్పు రబ్బరుది కాదు, ఉస్తాదు బరువుది.

ఆ మాట అత్తకు బాగా నచ్చింది. మనిషికి బరువు చేయించడం తన పని కదా. పొద్దున జొన్నరొట్టె మీద వెన్న, మధ్యాహ్నం పప్పు మీద నెయ్యి, సాయంత్రం నువ్వుల లడ్డు. తినేటప్పుడు లేవకుండా నన్ను పక్కన కూర్చోబెట్టి మామ భుజం మీద చెయ్యి వేయించేది. కోడలు మామను తాకకూడదని ఎవరో అంటే, దేవుడి ముఖం పని అయ్యేదాకా ఇంట్లో ఏ పద్ధతీ లేదన్నది. మామ గడ్డం కింద కొంచెం నిండింది. బరువు మాత్రం చవితి తొందర చూసుకోలేదు.

వ్యాపారుల పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి చాయ్ వద్దన్నాడు. ఎల్లుండి బండి తెస్తాను, ముఖం ఉంటే తీసుకుపోతా, లేకుంటే వేరే చోట చూసుకుంటా అన్నాడు. ఆయన ముందు మామ మర్యాదకు కూర్చున్నాడు, మర్యాద లేకుండా లేచాడు.

మరునాడు పొద్దున్నే మామ పలక ఎక్కుతానన్నాడు. వంగినా, తేలినా, ఎక్కేదే. నడుముకు తాడు కట్టి పైనుంచి పనివాళ్ళు, కింద నుంచి మా ఆయన, అలా పైకి చేర్చారు. గోనె సంచీ తీశారు. నేను నా చోటుకు పోయి నిలబడ్డాను. మామ పెదవి కోసం గొంతుక్కూర్చున్నాడు, మట్టి చేతికి తీసుకునేలోపల పెదవి ఎత్తు దాటిపోయి ముక్కు దగ్గర ఉన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ పోయాడు. కింద అందరం తలలు ఎత్తి దించి, ఎత్తి దించి చూస్తున్నాం. మట్టి తట్ట పలక చివర ఉంది. ప్రతిసారీ దాని కోసం పక్కకు వంగాలి, ఆ వంగుడులో రబ్బరు ఆయన్ను ఎత్తేస్తోంది.

విసుగొచ్చి తట్టను ఒళ్ళోకి లాక్కున్నాడు. నడుముకు గోనెపట్టా కట్టి ఉంది, తట్టలోని మట్టంతా అందులో గుమ్మరించుకున్నాడు.

లేవలేదు. అక్కడే ఉన్నాడు.

మా ఆయన నోరు తెరిచాడు గానీ, భాయ్ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. మామ ఒళ్ళోంచి పిడికెడు మట్టి తీసి పెదవి కింద ఒత్తాడు. ఇంకొక పిడికెడు తీసి తొండం మొదట్లో పెట్టాడు. పెట్టిన కొద్దీ ఒళ్ళో మట్టి తగ్గుతోంది. తగ్గిన కొద్దీ మామ ఒక్కొక్క వేలెడంత పైకి వస్తున్నాడు. పెదవి అయిపోయేసరికి బుగ్గ ఎదురుగా ఉన్నాడు. బుగ్గ అయిపోయేసరికి కంటి కింద ఉన్నాడు. ఆయన లేవడం లేదు, పని ఆయన్ను లేపుతోంది. ఒళ్ళోది దేవుడి ముఖానికి పోయింది, ఆ బరువు పోగానే రబ్బరు ఆయన్ను అందుకుంది. చివరి ముద్ద కనురెప్ప మీద పెట్టేసరికి నిటారుగా, ఒళ్ళు ఖాళీగా, కళ్ళకు సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, సూస్తుండా?"

"నా నెత్తి మీదికెల్లి సూస్తుండు మామా."

రెప్ప కొంచెం ఒత్తాడు.

"ఇగ?"

చూస్తున్నాడు. నన్నే చూస్తున్నాడు. సూస్తుండు మామా అన్నాను. భాయ్ నా పక్కకు వచ్చి నిలబడి, తనను కూడా చూస్తున్నాడో లేదో చూసుకుని, తల ఊపాడు.

అప్పుడు మామ రెండడుగులు వెనక్కి వేసి ముఖమంతా చూశాడు. ఎడమ వైపు పెదవి అంచు కొంచెం దిగిందన్నాడు. మాకెవరికీ కనబడలేదు. ఆయనకు కనబడింది, ఇంక ఆగడు. కూర్చుందామని మోకాలు వంచితే రబ్బరు వంగనివ్వలేదు, బలం పెట్టి కూర్చుంటే వెంటనే లేపేసింది. మట్టి పంపమని అడిగాడు. గుంటలో తడి మట్టి లేదు, ఉన్నదంతా ముఖానికే అయిపోయింది. కొత్తది నానాలంటే రేపటిదాకా ఆగాలి, రేపు బండి వస్తుంది. ఇటుకలు పంపుతానని మా ఆయన అన్నాడు. ఇటుకలు ఒళ్ళో పెట్టుకుని దేవుడి పెదవి దిద్దుతానా అని మామ పైనుంచి కసిరాడు.

అత్త కొంగు నడుముకు దోపుకుని నిచ్చెన పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె పలక ఎక్కలేదు, ఎక్కమని ఆయన అనలేదు. మేము వద్దనేలోపల పైన ఉంది. మామ వెనక్కి పోయి, రెండు చేతులూ ఆయన భుజాల మీద పెట్టి, పిండి ముద్దను పీట మీద అదిమినట్టు అదిమింది. మామ కూర్చున్నాడు. ఆమె చేతులు ఎత్తలేదు. ట్యూబులు కిర్రుమన్నాయి.

"చెయ్యి, ఇగ చెయ్యి. నాకు మస్తు పనున్నది," అన్నది.

మామ పెదవి అంచు వేలితో ఎత్తాడు. తడి చేత్తో నున్నగా చేశాడు. నిజంగానే అప్పటిదాకా దిగి ఉంది, ఎత్తాక మాకు తెలిసింది. అయిపోయింది, వదులు అన్నాడు. ఆమె వదలలేదు. మా అందరిలో ఆ ముఖాన్ని అంత దగ్గరి నుంచి చూసిన మనిషి ఆమె ఒక్కతే, అది కూడా మొదటిసారి. చాలాసేపు చూసింది. చూసి చూసి, మామ చెవి దగ్గరికి వంగి ఏదో అన్నది. మాకు వినబడలేదు. ఆయన గట్టిగా జవాబు చెప్పాడు కాబట్టి ఏమన్నదో తెలిసింది.

"చెవు గట్లనే ఉంటది. ఏనుగు చెవు ఎప్పుడన్న సూసినవా నువ్వు?"

ఆమె ఇంకేదో అన్నది. ఆయన లేవబోయాడు. ఆమె అదిమింది. ఆయన మెడ తిప్పి దేవుడి చెవిని చూశాడు, మళ్ళీ చూశాడు, తర్వాత గోటితో ఆ చెవి అంచున ఒక గీత తీశాడు. ఇంకొంచెం అని ఆమె అన్నట్టుంది, ఇంకొంచెం తీశాడు.

మా ఆయన నిచ్చెన పట్టుకుని దిగుతారా అని అడిగాడు. ఇద్దరూ వినలేదు. భాయ్ హోటలు వైపు నడిచాడు, పైకి రెండు చాయ్‌లు పంపించమని చెప్పడానికి.